కార్గిల్ నుంచి సిందూర్ దాకా: మన దీవి మీదుగా మారిన యుద్ధం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధాలు మారుతుంటే సైన్యాలు తమ పద్ధతులను ఎలా మార్చుకుంటాయో చెప్పమని సంఘం వారు అడిగారు. వాయుసేనలో సమాచార విభాగంలో పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి ఏదో చెప్పగలనని వారి నమ్మకం. విదేశీ సేనాధిపతుల పేర్లు చెప్పి మీకు నిద్ర తెప్పించడం నాకిష్టం లేదు. ఈ విషయం మన దీవిలోనే ఉంది. ఇక్కడి నుంచే చెబుతాను.

1999 మే 26. షార్‌లో పనిచేసిన కుటుంబాలకు అది పీఎస్‌ఎల్‌వీ-సీ2 వెళ్లిన రోజు. ఓషన్‌శాట్‌తో పాటు కొరియా వారిది ఒకటి, జర్మనీ వారిది ఒకటి, మొత్తం మూడు ఉపగ్రహాలు వెళ్లాయి. విదేశీ ఉపగ్రహాలను మన రాకెట్ తీసుకెళ్లడం అదే మొదలు. మిఠాయిలు పంచుకున్నాం. సరిగ్గా అదే రోజు కార్గిల్ కొండల మీద మన వాయుసేన బాంబుల దాడులు మొదలుపెట్టింది. ఆపరేషన్ సఫేద్ సాగర్ అని దానికి పేరు. ఇక్కడి నుంచి లేచిన ఉపగ్రహం సముద్రపు రంగు చూసి చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పడానికి వెళ్లింది. అక్కడ మనవాళ్లకు కావలసింది మంచుకొండ మీద రాతి గోడ వెనక ఎంతమంది కూర్చున్నారో చెప్పే కన్ను. ఆ కన్ను ఆనాడు మన దగ్గర లేదు.

ఉపగ్రహాలు లేక కాదు. ఐఆర్‌ఎస్-1సీ ఉంది, 1997 సెప్టెంబరులో ఇక్కడి నుంచే వెళ్లిన ఐఆర్‌ఎస్-1డీ ఉంది. పౌర అవసరాలకు అప్పట్లో ప్రపంచంలోనే మేలైన వాటిలో అవి కొన్ని. కానీ వాటి చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 5.8 మీటర్లు. చెరువు కనిపిస్తుంది, రోడ్డు కనిపిస్తుంది, వరి మడి ఎండిందో పండిందో తెలుస్తుంది. నలుగురు మనుషులు, ఒక మెషిన్‌గన్, పైన కప్పిన తెల్లగుడ్డ కనిపించవు. పైగా ఒకే చోటును మళ్లీ చూడాలంటే కొన్ని రోజులు ఆగాలి. పంటలు చూసేవాడికి ఐదు రోజులు పెద్ద లెక్క కాదు. కొండెక్కే జవానుకు అది జీవితకాలం.

ఆ నెలలో మూడు రోజుల సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. మే 21న ఫొటోలు తీయడానికి వెళ్లిన కాన్‌బెర్రా విమానానికి భుజం మీద నుంచి పేల్చే క్షిపణి తగిలింది. ఒక్క ఇంజనుతో పైలట్ దాన్ని దించాడు. మే 27న ఒక మిగ్-27, ఒక మిగ్-21 పోయాయి. స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహుజా ప్రాణాలు కోల్పోయారు. 28న ఒక ఎంఐ-17 హెలికాప్టర్, అందులోని నలుగురూ పోయారు. మన పైలట్లు మైదాన ప్రాంతాల్లో కిందికి దిగి కొట్టే పద్ధతి నేర్చుకున్నవారు. ఇక్కడ లక్ష్యమే పదిహేను, పదహారు వేల అడుగుల ఎత్తులో ఉంది. గాలి పలచన కాబట్టి బాంబు పడే తీరు మారుతుంది, ఇంజను బలం తగ్గుతుంది. నియంత్రణ రేఖ దాటకూడదని ప్రభుత్వ ఆజ్ఞ. మీరు నేర్చుకున్న పాఠం ఒకటి, పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇంకొకటి.

వారం తిరిగేసరికి వాయుసేన దాడి పద్ధతి మార్చింది. సాయుధ హెలికాప్టర్లను ఆ పని నుంచి తప్పించారు. విమానాలు క్షిపణికి అందని ఎత్తు నుంచే బాంబులు వేయడం మొదలుపెట్టాయి. మిగ్-21 పైలట్లు చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరాన్ని, స్టాప్‌వాచ్‌ను పెట్టుకుని లెక్క కట్టి బాంబులు వదిలారు. మిరాజ్-2000లకు లేజర్ గురి పరికరం హడావిడిగా అమర్చి, జూన్ 24న టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు వేశారు. కొత్త విమానాలు కొనలేదు. ఉన్నవాటినే వేరేగా వాడారు. యుద్ధంలో మార్పు అంటే ఎక్కువసార్లు ఇదే.

యుద్ధం ముగిశాక, 1999 జులై 29న, కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కార్గిల్ సమీక్షా కమిటీ వేశారు. డిసెంబరుకల్లా నివేదిక ఇచ్చారు. మన దేశంలో ఒక కమిటీ నాలుగున్నర నెలల్లో నివేదిక ఇవ్వడం, దాన్ని పుస్తకంగా జనం చేతికి ఇవ్వడం రెండూ అరుదైన విషయాలే. ఉపగ్రహాల ద్వారా నిఘా పెట్టే సామర్థ్యం మనకు చాలదని, ప్రపంచ స్థాయిలో సొంతంగా తయారుచేసుకోవాలని అందులో గట్టిగా చెప్పారు.

జవాబు ఈ దీవి నుంచే వెళ్లింది. 2001 అక్టోబరు 22న పీఎస్‌ఎల్‌వీ-సీ3 మీద టీఈఎస్ అనే ఉపగ్రహం లేచింది. పేరు చూస్తే ఏమీ లేదు, సాంకేతిక ప్రయోగ ఉపగ్రహం. ఒక మీటరు వస్తువును చూడగలదు. 5.8 నుంచి ఒకటికి రావడానికి కార్గిల్ తరువాత రెండేళ్లు పట్టింది. 2007లో కార్టోశాట్-2 మీటరులోపు చూసింది. 2019 నవంబరులో వెళ్లిన కార్టోశాట్-3 పావు మీటరు చూస్తుంది. 2008 నవంబరులో ముంబయి దాడి జరిగితే, ఐదు నెలలు తిరక్కుండానే, 2009 ఏప్రిల్ 20న ఇజ్రాయెల్ రాడార్‌తో రీశాట్-2ను పంపారు. మామూలు కెమెరాకు మబ్బు పడితే చూపు పోతుంది, రాత్రయితే చూపు పోతుంది. రాడార్‌కు రెండూ అడ్డం కావు.

ఇంతవరకు మనందరం చప్పట్లు కొట్టే కథ. నేను చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది.

కన్ను రావడం వేరు, ఆ కన్ను చూసినదాన్ని బట్టి చెయ్యి కదలడం వేరు. మనది తుఫాన్ల తీరం కాబట్టి దీన్ని మీకు తేలిగ్గా చెప్పవచ్చు. తుఫాను వస్తోందని ఆఫీసులో తెలియడం ఒకటి. ఆ సంగతి లంక గ్రామంలో చివరి గుడిసె దాకా చేరి, ముసలమ్మ మేకను విడిచిపెట్టి షెల్టరుకు నడవడం మరొకటి. 1977లో దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఆ తరువాత వచ్చిన పెద్ద తుఫాన్లలో అంత ప్రాణనష్టం జరగలేదంటే ఉపగ్రహం ఒక్కటే కారణం కాదు. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ బస్సు ఏ ఊరికి పోవాలి, వెళ్లనని మొండికేసినవాణ్ణి ఎవరు ఒప్పించాలి అన్నది ముందే రాసుకుని అలవాటు చేసుకోవడం అసలు కారణం. సైన్యంలో అలా రాసుకుని అలవాటు చేసుకున్నదాన్నే డాక్ట్రిన్ అంటారు. తెలుగులో యుద్ధ సిద్ధాంతం అంటున్నాం కానీ, ఆ మాట వింటే ఏదో వేదాంతంలా ఉంటుంది. అది వాడుక, అంతే. ఆయుధం కొనుక్కోవచ్చు, వాడుకను కొనలేం.

టీఈఎస్ వెళ్లిన రెండు నెలలకే దీనికి పరీక్ష వచ్చింది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో సైన్యాన్ని సరిహద్దుకు తరలించారు. దేశం నడిమధ్య ఉండే పెద్ద దాడి దళాలు తమ ట్యాంకులతో, తోపులతో సరిహద్దు చేరేసరికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఆలోపు ఎదుటివాడు సర్దుకున్నాడు, ప్రపంచ దేశాలు మధ్యలోకి వచ్చాయి. పది నెలలు నిలబడి 2002 అక్టోబరులో వెనక్కి వచ్చారు. అవతలివాడు ఎక్కడున్నాడో తెలియక కాదు. మనం ఎంత త్వరగా కదలగలమన్నదే సమస్య.

ఆ పెద్ద దళాలు చెడ్డ ఆలోచన కావు. ఇందులో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. 1975లో సైన్యాన్ని ఎలా మార్చాలో చెప్పమని వేసిన నిపుణుల కమిటీకి కె.వి. కృష్ణారావు అధ్యక్షులు. తరువాత ఆయన సైనిక ప్రధానాధికారి అయ్యారు. ఆ కమిటీలో ఉన్న సుందర్జీ కూడా ఆ పదవిలోకి వచ్చారు. కాలినడకన పోయే సైన్యాన్ని చక్రాల మీదికి, ట్యాంకుల వెంట పోయే కవచ వాహనాల మీదికి ఎక్కించినవారు వాళ్లు. 1970లలో రాబోయే యుద్ధానికి అది సరైన జవాబు. పాతికేళ్లు గడిచి, రెండు దేశాల దగ్గరా అణ్వాయుధాలు వచ్చి, యుద్ధం చేయడానికి దొరికే సమయం వారాల నుంచి రోజులకు తగ్గాక, అదే జవాబు బరువైంది. నిన్న మంచిదైనందువల్లే దాన్ని వదులుకోవడం కష్టమైంది. 2004లో చిన్న దళాలతో త్వరగా కదిలే పద్ధతి గురించి చర్చ మొదలైంది. కోల్డ్ స్టార్ట్ అని పత్రికలు రాశాయి. ఆ మాటను ఒక సైనిక ప్రధానాధికారి బహిరంగంగా ఒప్పుకోవడానికి 2017 జనవరి దాకా ఆగాలి.

అంతరిక్షంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. కార్టోశాట్‌లు వరసగా వెళ్తున్నాయి. నౌకాదళానికి 2013 ఆగస్టులో జీశాట్-7, వాయుసేనకు 2018 డిసెంబరు 19న జీశాట్-7ఏ వచ్చాయి. రెండోది ఇక్కడి నుంచే వెళ్లింది. దాంతో నేల మీది రాడార్లు, గాలిలో ఉన్న విమానాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీలు పెరిగింది. నా ఉద్యోగమే ఆ పని కాబట్టి దాని విలువ నాకు తెలుసు. కానీ ఇవన్నీ చూసుకునే త్రివిధ దళాల ఉమ్మడి సంస్థ, డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీ, ఏర్పడింది 2019లో. టీఈఎస్ వెళ్లిన పద్దెనిమిదేళ్లకు. రాకెట్ వాళ్లు తమ పని తాము చేశారు. ఫైళ్లు ఆలస్యంగా లేచాయి.

2019 సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. జనవరి 24 రాత్రి పీఎస్‌ఎల్‌వీ-సీ44 మీద మైక్రోశాట్-ఆర్ వెళ్లింది. ఛాయాచిత్రాల ఉపగ్రహం అన్నారు. విద్యార్థులు చేసిన చిన్న కలాంశాట్ కూడా ఆ రాకెట్‌లోనే ఉంది కాబట్టి పత్రికలన్నీ దాని గురించే రాశాయి. రెండు నెలల తరువాత, మార్చి 27న, ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి వెళ్లిన క్షిపణి దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో ఆ మైక్రోశాట్‌ను పగలగొట్టింది. మిషన్ శక్తి అదే. అప్పుడు డీఆర్‌డీవో అధిపతి మన నెల్లూరు జిల్లా మహిమలూరుకు చెందిన జి. సతీష్‌రెడ్డి. లక్ష్యం ఇక్కడి నుంచి లేచింది, దెబ్బ వేసిన క్షిపణి పక్క రాష్ట్రం నుంచి లేచింది. ఐదు రోజుల తరువాత ఏప్రిల్ 1న, శత్రువుల రాడార్ల సంకేతాలను పసిగట్టగల ఎమిశాట్‌ను పంపిన రోజునే, షార్‌లో మామూలు జనం కూర్చుని చూసే గ్యాలరీ తెరిచారు. మన చిన్నప్పుడు మేడలెక్కి చూసేవాళ్లం, ఇప్పుడు టోపీలు పెట్టుకుని ఐస్‌క్రీం తింటూ చూస్తున్నారు.

మన ఇళ్లలో ఈ మాటలు ఎప్పుడూ వినబడలేదు. వాతావరణం, టీవీ, పంటలు, చేపలు, ఇవే మన నాన్నలు చెప్పిన ప్రయోజనాలు. అవి అబద్ధం కావు. కానీ ఈ దీవికి రెండో పని మొదటి నుంచీ ఉంది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది. దాని మొదటి దశ మోటారే 1989 మే 22న చాందీపూర్ నుంచి లేచిన అగ్నికి మొదటి దశ అయింది. అంతకు ముందే, 1988 ఫిబ్రవరి 25న, పృథ్వి క్షిపణి మొదటిసారి ఎగిరింది ఇక్కడి నుంచే. ఉపగ్రహాన్ని ఎత్తే రాకెట్‌కూ బాంబును మోసే క్షిపణికీ తేడా చాలా వరకు ముందు భాగంలోనే ఉంటుంది. అది బయటివాళ్లకూ తెలుసు.

అందుకే మనకు దెబ్బ తగిలింది కూడా. క్షిపణి సాంకేతికతను అరికట్టే ఒప్పందం పేరు చెప్పి అమెరికా ఒత్తిడి తెస్తే, 1993లో రష్యా మనకు క్రయోజనిక్ సాంకేతికత ఇవ్వనంది. ఇంజన్లు అమ్మింది, చేసే విద్య ఇవ్వలేదు. సొంత ఇంజనుతో జీఎస్‌ఎల్‌వీ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. మధ్యలో 2010లో రెండు జీఎస్‌ఎల్‌వీలు సముద్రం పాలయ్యాయి. ఈ కారణంగానే నౌకాదళపు జీశాట్-7ను దక్షిణ అమెరికాలోని కౌరూకు తీసుకెళ్లి యూరప్ వారి ఏరియేన్ మీద పంపాల్సి వచ్చింది. మన యుద్ధనౌకలు రహస్యంగా మాట్లాడుకునే ఉపగ్రహానికి వేరొకరి రాకెట్. పోయిన నవంబరు 2న, అంటే 2025లో, నౌకాదళానికే చెందిన 4,410 కిలోల సీఎంఎస్-03ను ఎల్‌వీఎం-3 మన దీవి నుంచి ఎత్తుకెళ్లింది. ఆ రోజు ఇక్కడ పాతవాళ్లెవరైనా కళ్లు తుడుచుకుని ఉంటే, ఉపగ్రహం బరువు చూసి కాదని నేననుకుంటాను.

ఇక ఆపరేషన్ సిందూర్. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మే 7 తెల్లవారుజామున తొమ్మిది చోట్ల దాడులు, మే 10 సాయంత్రానికి కాల్పుల విరమణ. నాలుగు రోజులు. కార్గిల్‌కు రెండు నెలలకు పైగా పట్టింది, పరాక్రమ్‌లో మూడు వారాలు ప్రయాణానికే పోయింది. ఈసారి విమానాలు సరిహద్దు దాటకుండానే దూరం నుంచి కొట్టాయి. రెండు వైపుల నుంచీ డ్రోన్లు గుంపులుగా వచ్చాయి. చౌక డ్రోన్‌ను కూల్చడానికి ఖరీదైన క్షిపణి వాడితే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో లెక్క వేసుకోవాల్సిన కాలం ఇది. పది ఉపగ్రహాలైనా రాత్రింబవళ్లు దేశ భద్రత కోసం పనిచేస్తున్నాయని ఇస్రో అధ్యక్షులు అప్పట్లో చెప్పారు.

కాల్పులు ఆగిన ఎనిమిది రోజులకు, మే 18న, పీఎస్‌ఎల్‌వీ-సీ61 మీద ఈఓఎస్-09 అనే రాడార్ ఉపగ్రహం బయలుదేరింది. మూడో దశలో లోపం వచ్చి కక్ష్యకు చేరలేదు. అంతకు ముందు జనవరి 29న మన దీవి నుంచి వందో ప్రయోగం జరిగింది గుర్తుందా? రాకెట్ తన పని చేసింది, ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం మాత్రం చేరాల్సిన కక్ష్యకు చేరలేకపోయింది. అది నావిక్ వ్యవస్థలోది, అంటే మన సొంత జీపీఎస్‌లోది. కార్గిల్‌లో పరాయివాడి జీపీఎస్ చేతిలో పట్టుకుని బాంబులు వేసిన సంగతి ఇందాక చెప్పాను. పాతికేళ్లు దాటింది, ఆ పని ఇంకా పూర్తి కాలేదు. మనవాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ప్రయోగాల్లో ఓటములు ఎంత మామూలో మన బడి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడిన కథ వింటూ పెరిగాం. కానీ యుద్ధం నాలుగు రోజుల్లో ముగిసే కాలంలో ఒక ఉపగ్రహం పోతే దాని చోట ఇంకొకటి ఎన్నాళ్లకు వస్తుందన్నది ఇప్పుడు సైనిక ప్రశ్న.

దీనికి జవాబుగా ప్రభుత్వం 2024 అక్టోబరులో 52 నిఘా ఉపగ్రహాల పథకానికి అనుమతి ఇచ్చింది. 21 ఇస్రో, 31 ప్రైవేటు సంస్థలు చేయాలి. ఒక్క గొప్ప కన్ను బదులు ఎన్నో చిన్న కళ్లు. ఉక్రెయిన్ యుద్ధం ఈ పాఠాన్ని అందరికీ నేర్పింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం కదిలిన పూటే అక్కడి సైన్యం వాడుతున్న ఒక ఉపగ్రహ సేవ మీద సైబర్ దాడి జరిగింది. నేల మీది మోడెములు వేల సంఖ్యలో పనికిరాకుండా పోయాయి. ఆకాశంలో ఉపగ్రహానికి గీత కూడా పడలేదు. తరువాత వేల చిన్న ఉపగ్రహాలున్న ఒక ప్రైవేటు కంపెనీ సేవ వాళ్లను ఆదుకుంది. ఉపగ్రహాన్ని కూల్చక్కర్లేదు, దాని మాట కింద వినబడకుండా చేస్తే చాలు. మిషన్ శక్తి గురించి గర్వపడేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పైగా పగిలిన ముక్కలకు మన ఉపగ్రహం, పరాయి ఉపగ్రహం అనే తేడా తెలియదు. మనవాళ్లు తక్కువ ఎత్తులో పగలగొట్టింది అందుకే.

సభలోకి వచ్చేటప్పుడు ఒక టీచరుగారు నన్ను అడిగారు: "ఇంత ముఖ్యమైనదైతే, రేపు యుద్ధమొస్తే మన దీవి సంగతేమిటి నాయనా?" నేను మాట దాటవేయలేదు. దేశం ఉపగ్రహాలను ఎత్తుతున్నది ఈ ఒక్క చోటు నుంచే. ఒక పక్క బంగాళాఖాతం, ఒక పక్క పులికాట్, రెండు ప్రయోగ వేదికలు, సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వచ్చే ఒక రోడ్డు. 2025 జనవరిలో మూడో వేదికకు అనుమతి వచ్చింది, అదీ ఈ దీవి మీదే. తమిళనాడులో తూత్తుకుడి దగ్గర కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం రెండో కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు. శ్రీలంకను తప్పించుకుని వంకర తిరగకుండా నేరుగా దక్షిణానికి వెళ్లడానికి అని దానికి చెప్పిన కారణం. అది నిజమే. అయినా సైన్యంలో పనిచేసినవాడికి ఇంకో కారణం కూడా కనిపిస్తుంది, ఎవరూ పైకి చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి వెళ్లబోయే ఎస్‌ఎస్‌ఎల్‌వీ 2022 ఆగస్టులో మొదటిసారి విఫలమై, 2023 ఫిబ్రవరిలో, 2024 ఆగస్టులో గెలిచింది. కొద్దిమంది మనుషులతో కొద్ది రోజుల్లో జోడించి పంపగలిగేలా దాన్ని రూపొందించారు. పోయిన ఉపగ్రహం చోట వారంలో ఇంకొకటి పెట్టాలంటే కావలసింది అలాంటిదే. కానీ ఆ వారంలో ఉపగ్రహం గోదాములో సిద్ధంగా ఉండాలి. ఏది పంపాలో నిర్ణయించే అధికారి పేరు ముందే రాసి ఉండాలి. పులికాట్‌లో వలలు వేసే జాలర్లకు ఆ పూట పోవద్దని చెప్పేవాడు ఉండాలి. వీటిలో ఎన్ని సిద్ధంగా ఉన్నాయో చూసి ఈ పథకానికి మార్కులు వేస్తాను.

నాకిచ్చిన సమయం అయిపోయిందని లెక్కల మేష్టారు గడియారం చూపిస్తున్నారు, అప్పట్లాగే. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర అడగండి.